సంతకం పడ్డాక దిద్దిన ఒక్క వరుస

రాసుకో హారికా. పైన నా పేరు పెట్టొద్దు, ఫోటో అంతకన్నా వద్దు. నీలాగా ఇప్పుడిప్పుడే వకీలు దగ్గర చేరిన పిల్లలకు, డాక్యుమెంట్లు రాసే అంగళ్లలో కంప్యూటరు ముందు కూర్చునే పిల్లలకు పనికొస్తుందని చెప్తున్నాను. నా నోట్లో వచ్చేది మన అనంతపురం యాస. దాన్ని నువ్వు అచ్చులో వచ్చే తెలుగులోకి మార్చి రాసుకో, నాకేం అభ్యంతరం లేదు. కానీ ఫలానావాళ్లు ఇట్లా అన్నారని నేను చెప్పినప్పుడు మాత్రం ఆ మాటలో ఒక్క అక్షరం ముట్టుకోవద్దు. నా మాట నాది, మార్చుకోమని నేనే ఒప్పుకున్నాను. వాళ్ల మాట వాళ్లది. వాళ్లను అడగకుండా మార్చే హక్కు నీకూ లేదు, నాకూ లేదు.

నవ్వొద్దు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క ముక్క గురించే.

రాసేవాడు యాడ?

మా ఆయనకు, అదే మీ తాతకు, సబ్ రిజిస్ట్రారాఫీసు ఎదురుగా జిరాక్స్ అంగడి ఉండేది. ఊరి పేరు ఎందుకులే, అనంతపురం నుంచి బస్సెక్కితే గంట. ఆ అంగడి అరుగు మీద హుసేన్ సాబు అని ఒక పెద్ద దస్తావేజు లేఖరి కూర్చునేవాడు. క్రయపత్రం, భాగపత్రం, కౌలు ఒప్పందం, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఆయన రాసిన కాగితం మీద ఎవరూ తగాదా పడలేదని పేరు.

తొంభైల చివర్లో ఆయన చేయి వణకడం మొదలైంది. సంతకాల చోటు వదలడానికి ఒక గీత గీస్తే అది కొండచిలువలా పోయేది. నేను అంగట్లో కూర్చుని జిరాక్స్ కాగితాలు సర్దుతూ, లెక్కల పుస్తకం రాస్తూ ఉండేదాన్ని. పదో తరగతి పాసయ్యాను, చేతిరాత గుండ్రంగా ఉండేది. ఒకరోజు ఆయన ఆ పుస్తకం చూసి అన్నాడు.

"బేటీ, నీ రాత బాగుండాది. నేను చెప్తా, నువ్వు రాయి."

అట్లా మొదలైంది. ఇప్పుడు నేను చెప్తుంటే నువ్వు రాస్తున్నావే, సరిగ్గా అట్లాగే. కాకపోతే ఆయన నాలా పక్కదోవ పట్టేవాడు కాదు.

మొదటి ఏడాది వచ్చినవాళ్లంతా నన్ను చూసి, నా వెనక గోడను చూసి, మళ్లీ నన్ను చూసేవాళ్లు.

"ఏమక్కా, రాసేవాడు యాడ పోయినాడు?"

"నేనే రాసేది. కూర్చో."

"నువ్వా?"

"ఏం, కాగితానికి మీసాలు కావల్లనా అన్నా?"

ఈ మాటకు నవ్వినవాడు కూర్చునేవాడు. నవ్వనివాడు పక్క అరుగుకు పోయేవాడు. పోయినవాళ్లలో సగం మంది రెండో ఏడాదికి తిరిగొచ్చారు. ఎందుకంటే రాసిందంతా వాళ్లకు చదివి వినిపించేది ఆ వీధిలో నేనొక్కదాన్నే. మిగతావాళ్లు వేలిముద్ర ఎక్కడ వేయాలో చూపించేవాళ్లు, అంతే.

ఎవరి కాగితం

సాబు నాకు ముందు నేర్పింది రాయడం కాదు, దిద్దడం. దిద్దడానికి రెండు కాలాలున్నాయి. సంతకానికి ముందు ఒకటి, తర్వాత ఒకటి.

ముందు అయితే సులభం. తప్పు పడిన మాట మీద ఒకే ఒక గీత కొట్టాలి. కింద ఏముందో చదవడానికి వీలుండాలి. సరైన మాట పైన రాయాలి. దాని పక్కన అందరూ పొట్టి సంతకాలు చేయాలి. ఆఖర్లో, అసలు సంతకాలకు పైన, ఇన్నో పేజీలో ఇన్నో వరుసలో ఒక కొట్టివేత, ఒక దిద్దుబాటు ఉన్నాయని రాసిపెట్టాలి. నేను ఒకసారి తెలివిగా తెల్లరంగు పూసి పైన రాశాను. చూడ్డానికి ఎంత బాగుందో! సాబు ఆ సీసా తీసుకుని చప్పుడు చేయకుండా కాలువలో పారేశాడు.

"తప్పును మూసిపెడితే తప్పు పోదు బేటీ. మూసిపెట్టిన తావునే అందరి కండ్లూ పడ్తాయి."

సంతకాలు పడ్డాక వేరే లెక్క. అప్పుడు ఆ కాగితం మీద ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. మార్చాలంటే కొత్త కాగితం తీసుకోవాలి. పాత ఒప్పందం ఏ తేదీది, ఎవరెవరి మధ్యది, అందులో ఏ షరతు మారుతోంది, ఇంతకుముందు ఏమని ఉండేది, ఇకమీద ఏమని ఉంటుంది, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టే నడుస్తుందని రాయాలి. పాతదాంట్లో సంతకం చేసినవాళ్లంతా మళ్లీ చేయాలి. ఎందరి దగ్గర పాత ప్రతులున్నాయో అందరి ప్రతులకూ ఒక్కొక్కటి చేర్చాలి. పాతది రిజిస్టరైన దస్తావేజు అయితే సవరణ దస్తావేజును కూడా రిజిస్టరు చేయాల్సిందే.

"సంతకం పడేదంకా కాగితం మనది. పడినాక వాళ్లది. వాళ్లంటే ఒకడు కాదు బేటీ, అందరూ."

ఈ మాట ఆయన ఎన్నిసార్లు అన్నాడో. ఒక క్రయపత్రంలో తూర్పు హద్దు పడమర, పడమర హద్దు తూర్పు పడ్డాయి. రిజిస్ట్రేషను అయిపోయిన మూడు నెలలకు కొన్నాయన వచ్చి, "నీ పెన్నే గదక్కా రాసింది, నీ పెన్నుతోనే మార్చు" అని నా మీద పడ్డాడు. అమ్మిన ముసలాయన అప్పటికి చిలమత్తూరులో కూతురి దగ్గరికి చేరాడు. హిందూపురంలో బస్సు మారి పోయాను. నన్ను చూడగానే ఆయన తలుపు సగం వేశాడు.

"నేను అమ్మేసినా. నా కాడ ఇంకేం మిగల్లేదు. మళ్ల ఏం పెరికేకి వచ్చినావు?"

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చదివాను. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు.

"అంటే నేను కొత్తగా ఇచ్చేది ఏమీ లేదా?"

"ఏమీ లేదు పెదనాయనా. పొద్దు పొడిచే దిక్కు సరిచేస్తాండాము, అంతే."

అప్పుడు తలుపు పూర్తిగా తెరిచి, రాగి సంగటి పెట్టి, మర్నాడు నాతోపాటే బస్సెక్కి వచ్చి సంతకం చేశాడు. ఇంత తెలిసినదాన్ని, ఇంత చూసినదాన్ని, నేనే తప్పు చేశాను. అది చెప్తాను ఇప్పుడు. దీన్ని కుదించొద్దు.

చెయ్యి ఊపినాడు

ఓబిరెడ్డి, రామాంజి ఇద్దరూ ఒకే ఊరివాళ్లు. పొలాలు ఆనుకుని ఉన్నాయి. ఇద్దరికీ చీనీ తోటలు, అదే బత్తాయి. చీనీచెట్టుకు నీళ్లు ఒక ఏడాది తప్పితే ఏడెనిమిదేళ్లు బిడ్డలా పెంచిన చెట్టు కట్టె అయిపోతుంది. ఇద్దరూ చెరిసగం వేసుకుని ఒకే బోరు వేయించారు. నీళ్లు ఓబిరెడ్డి పొలంలో పడ్డాయి. బోరు ఇద్దరిదీ, నేల మాత్రం రెడ్డిది. అందుకని ఒప్పందం రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు.

నేనే రాశాను. ఒకరోజు రెడ్డి తోటకు, ఒకరోజు రామాంజి తోటకు. నీళ్లు పట్టేది పొద్దున ఆరు నుంచి పన్నెండు వరకు. అప్పట్లో కరెంటు ఆ వేళకే వచ్చేది కాబట్టి గడియారం చూసి రాసేశాను. రెండు స్టాంపు కాగితాలు, రెండు ప్రతులు, చెరొకటి.

రెండేళ్లకు కరెంటు వేళలు మార్చారు. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం. మధ్యాహ్నం వారంలో మన కాగితం ప్రకారం ఎవరికీ నీళ్లు లేవు! ఇద్దరూ సంతకు వచ్చినప్పుడు మాట్లాడుకున్నారు. ఆరు నుంచి పన్నెండు అనేది తీసేసి, కరెంటు ఏ వేళ వస్తే ఆ వేళ, రోజు మార్చి రోజు అనుకున్నారు. రామాంజి తన ప్రతి తీసుకుని వచ్చాడు. రెడ్డి ఎదురుగా టీ అంగట్లో నిలబడ్డాడు. ఆయన ప్రతి ఊళ్లో పెట్టెలో ఉంది.

ఆ రోజు సాబు లేడు, కంటి ఆపరేషనుకు అనంతపురం పోయాడు. అరుగు మీద ఆరుమంది కూర్చుని ఉన్నారు. రామాంజి కాగితం చాచి అన్నాడు.

"అన్న ఒప్పుకున్న్యాడక్కా. ఈ ఒక్క వరస దిద్దు, సాలు."

నేను అరుగు మీద నుంచే కేకేశాను.

"ఓబిరెడ్డన్నా! ఆరు నుంచి పన్నెండు కొట్టేసి, కరెంటు ఉన్నప్పుడు అని రాస్తాండా! సరేనా?"

మధ్యలో ఒక లారీ పోయింది. లారీ దాటాక చూస్తే రెడ్డి టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి పైకెత్తి ఊపాడు. నేను గీత కొట్టాను, పైన రాశాను. రామాంజి పక్కన పొట్టి సంతకం చేశాడు. రెడ్డి సంతకం తర్వాత తీసుకుందాంలే అనుకున్నాను.

సాబు కంటికి పచ్చగుడ్డ కట్టుకుని తిరిగొచ్చాక ఆయన లేనప్పుడు చేసిన పనులన్నీ వరుసగా చెప్పాను.

"రెడ్డి సంతకం?"

"చెయ్యి ఊపినాడు సాబూ."

"చెయ్యి ఊపితే బస్సు నిలబడ్తాదమ్మా. ఇద్దర్నీ పిలిపించు. ఆ దిద్దింది వదిలెయ్, కొత్త కాగితం రాయి."

సరే అన్నాను. వచ్చే సంతకు చూద్దాం అనుకున్నాను. ఆ సంతకు రామాంజి రాలేదు. తర్వాతి సంతకు రెడ్డి రాలేదు. ఆ తర్వాత వేరుశెనగ పీకే కాలం, అందరూ పొలాల్లో. నిజం చెప్పాలంటే పిలవడానికి నాకు సిగ్గు. తప్పు చేశానని ఇద్దరి ముందూ ఒప్పుకోవాలి కదా. అట్లా రెండేళ్లు గడిచాయి. వాళ్లిద్దరూ మాత్రం అనుకున్నట్టే నీళ్లు పట్టుకున్నారు. మనుషులు బాగున్నన్నాళ్లు కాగితం ఎవరూ తీయరు. అందుకే తప్పు బయటపడదు.

దొంగరాత

రామాంజి ఉన్నట్టుండి గుండెపోటుతో పోయాడు. ఇంట్లో భార్య లక్ష్మీదేవి, ఇద్దరు చిన్న ఆడపిల్లలు, రామాంజి తల్లి వెంకటమ్మ. దానికి తోడు ఆ ఏడాది వానల్లేవు. బోరులో నీళ్లు తగ్గాయి. పైపు నిండా పడేవి సగానికి వచ్చాయి.

ఒకరోజు లక్ష్మీదేవి మా అరుగు దగ్గరికి వచ్చింది. కూర్చోలేదు. కొంగులోంచి కాగితం తీసి నా ముందు పెట్టింది.

"అక్కా, ఇది దొంగరాత అంటాండారు. నేను రాసినానంట. నాకు సంతకమే సరిగ్గా రాదు, నేనేం రాస్తా?"

విషయం ఏమంటే, మధ్యాహ్నం కరెంటు వారంలో తన వంతు రోజు మోటారు వేయడానికి పోతే రెడ్డి ఆపాడు. తన కాగితం తెచ్చి చూపించాడు. అందులో ఆరు నుంచి పన్నెండు అనే ఉంది, ఒక్క గీత లేదు. ఈమె కాగితంలో కొట్టివేత ఉంది, మొగుని సంతకం ఒక్కటే ఉంది. రెండూ పక్కన పెట్టి చూసినవాడు ఎవడైనా ఏమనుకుంటాడు? మొగుడు పోయినాక ఈమె దిద్దించుకుని, మొగుని సంతకం కూడా గిలికింది అనుకుంటాడు. ఊరంతా అదే అనుకున్నారు. ఆ కోపంలో రెడ్డి పొద్దున వారంలో కూడా ఆమెను మోటారు ముట్టనివ్వలేదు. పదకొండు రోజులుగా ఆమె తోటకు చుక్క నీరు లేదు. ఆకులు ముడుచుకుంటున్నాయి.

"చెట్లు పోతే పోనీలే అక్కా, మళ్ల నాటుకుంటా. నా పిల్లోళ్లను దొంగదాని బిడ్డలంటారు. అది యాడ కొట్టేసేది?"

ఆమె పోయాక సాబు దగ్గర కూర్చున్నాను. నా భయం నాది. ఆడది రాసిందని ముందే సగం మంది నమ్మరు. నేనే సంతకం లేకుండా దిద్దానని ఊరి ముందు ఒప్పుకుంటే ఇక ఎవరు వస్తారు? సాబు మొహం నా వైపు తిప్పకుండానే అన్నాడు.

"ఆ గీత ఎవరిది?"

"నాదే."

"అయితే ఆ గీత కాడికి నువ్వే పోవల్ల. నేను వస్తే నీ తప్పు నా మాటున దాక్కుంటాది."

గంటలు కాదప్పా

మర్నాడు పొద్దున బస్సులో పోయాను. ఖాళీ స్టాంపు కాగితాలు రెండు సంచిలో పెట్టుకున్నాను. బోరు దగ్గర మోటారు గది ముందు రెడ్డి ఉన్నాడు, లక్ష్మీదేవి ఉంది, నేను పిలిపిస్తే ఊళ్లో నలుగురు పెద్దమనుషులు వచ్చారు. వెంకటమ్మ ఒక్కతే దూరంగా గట్టు మీద కూర్చుని ఉంది, ఆమెను ఎవరూ పిలవలేదు.

నేను ముందు ఆ కాగితం పైకెత్తి చూపించాను.

"ఈ గీత లక్ష్మీదేవి కొట్టింది కాదు. రామాంజి బతికుండగా నేను కొట్టినా. రెడ్డన్న సంతకం తీసుకోకుండా కొట్టినా. తప్పు నాది. ఆయమ్మను ఒక్క మాట కూడా అనొద్దు."

రెడ్డి నా మొహం చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు హారికా, ఇది రాయి. ఆయన చెట్లూ ఎండుతున్నాయి. ఎండేవాడికి కాగితం కనపడింది, పట్టుకున్నాడు.

"నోటిమాట అనుకున్న్యాము, నిజమే. కాగితం కొట్టేసేకి నేను ఎప్పుడు ఒప్పుకున్న్యానక్కా?"

"టీ అంగట్లో నిలబడి చెయ్యి ఊపితివి గదన్నా. నేను కేకేసి అడిగినా."

ఆయన తలపాగా తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"ఊపినా. అబద్ధమెందుకు, ఊపినా. కానీ లారీ సద్దులో నువ్వేమన్న్యావో నాకు ఇనపల్లేదు. ఇంకా ఎంతసేపు, రా అని నన్ను పిలుస్తాండావనుకుని, టీ తాగి వస్తాలే అని ఊపినా."

పెద్దమనుషుల్లో ఒకాయన పక్కకు తిరిగి నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండేళ్లు ఆ కాగితం నా ఊహ మీద నిలబడింది.

"అట్లయితే ఆ దిద్దింది సెల్లదు" అన్నాడు రెడ్డి.

"సెల్లదు. నేనే సెప్తాండా, సెల్లదు. పాతదే నిలబడ్తాది. ఇంక నీ కాగితం సదువుదాం రా." ఆయన ప్రతి తీసుకుని గట్టిగా చదివాను. "ఒకరోజు ఓబిరెడ్డి తోటకు, ఒకరోజు రామాంజి తోటకు, పొద్దున ఆరు నుంచి పన్నెండు వరకు. ఇన్నావా అన్నా? మధ్యాన్నం ఆయమ్మకు హక్కు లేదు, నిజమే. నీకు మాత్రం యాడుండాది? బోరు ఇద్దరిదీ. పన్నెండు దాటితే నువ్వు కూడా మోటారు ముట్టేకి లేదు."

ఆయన కాగితం నా చేతిలోంచి లాక్కుని వేలు పెట్టి మెల్లగా చదువుకున్నాడు.

"నా బోరు నేనే ముట్టగూడదా?"

"మన బోరు" అంది లక్ష్మీదేవి. అప్పటిదాకా ఆమె మాట్లాడింది ఆ రెండు మాటలే.

"మారిస్తే ఇద్దరికీ నీళ్లు. మార్చకపోతే ఇద్దరికీ లేవు. నువ్వు సెప్పన్నా."

"ఎట్ల మార్చల్ల?"

నేను రాసుకుని పోయింది చదివాను. కరెంటు ఉన్న ఆరు గంటలు అని. అప్పుడు గట్టు మీద నుంచి వెంకటమ్మ గొంతు వచ్చింది.

"కరెంటు నడమన పోతే?"

అందరూ అటు తిరిగారు. లక్ష్మీదేవి "నువ్వుండత్తా" అంది. నాకు మాత్రం అప్పుడే తట్టింది. రామాంజి స్థానంలో భార్య ఒక్కతే కాదు, బిడ్డలూ, తల్లీ అందరూ వారసులే. ఈ ముసలామె వేలిముద్ర లేకుండా ఏమి మార్చినా మళ్లీ అదే తప్పు. మళ్లీ చేయబోయాను చూడు! పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"నువ్వు సెప్పవ్వా. నడమన పోతే ఏం చేద్దాం?"

"ఆరు గంటలని రాస్తావు. రెండు గంటలకే కరెంటు పాయ. నాలుగు గంటలు ఎవురికి? రేపు మళ్ల ఆ నాలుగు గంటలకు కొట్లాట. బోరులో నీళ్లు ఇంకా తగ్గితే ఆరు గంటలకు ఎన్ని చెట్లు తడుస్తాయి? గంటలు కాదప్పా, చెట్ల సాళ్లు లెక్కబెట్టండి. వాళ్లవి పది సాళ్లు తడిసినాక మావి పది సాళ్లు. కరెంటు పొద్దున రానీ, మద్యాన్నం రానీ, నాల్దినాలు రాకపోనీ. తడిసిన సాలు కంటికి అగుపిస్తాది. గడియారం ఎవురు చూసినారు?"

పదేళ్లుగా ఒప్పందాలు రాస్తున్నదాన్ని, నాకు తట్టలేదు. నేను అరుగు మీద కూర్చుని గడియారం చూసి రాశాను. ఆమె పాదుల్లో నిలబడి నీళ్లు చూసింది.

రెడ్డి తన తోట వైపు చూశాడు, వేళ్లు మడిచి ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"పెద్దమ్మ సెప్పింది సరిగ్గా ఉండాది. అయితే మొదట ఎవురి సాళ్లు?"

"పదకొండు దినాలు ఎండినోళ్లవి" అంది వెంకటమ్మ.

ఆ మాటకు రెడ్డి తల వంచాడు. "అట్లే కానీ" అన్నాడు.

మోటారు గది నీడలో అక్కడే రాశాను. పాత ఒప్పందం తేదీ, పేర్లు, ఏ షరతు మారుతోంది, ఏమని ఉండేది, ఏమని మారింది. రామాంజి ప్రతి మీద నేను చేసిన దిద్దుబాటు చెల్లదని కూడా అందులోనే రాశాను, కిందే నా పేరు రాసి సంతకం చేశాను. రెడ్డి సంతకం. లక్ష్మీదేవి సంతకం, తనకూ మైనరు బిడ్డల తరఫునా. ఆఖర్న వెంకటమ్మ. నేను సిరా డబ్బీ తెరిస్తే ఆమె చేయి వెనక్కి తీసుకుంది.

"మొత్తం ఇంకొక తూరి సదువు."

చదివాను. మళ్లీ చదివాను. అప్పుడు వేలు చాచింది. పెద్దమనుషుల్లో ఇద్దరు సాక్షులు. రెండు ప్రతులు, రెండింటికీ పాతవాటితో కలిపి దారం కుట్టాను. నేను బస్సుకు లేచేటప్పటికి కరెంటు వచ్చింది. రెడ్డే పోయి మోటారు వేశాడు. నీళ్లు లక్ష్మీదేవి తోట వైపు తిరిగాయి. వెంకటమ్మ పార చేతికి తీసుకుంది. ఊళ్లోకి పోయే దారిలో పెద్దమనుషుల్లో ఒకాయన నాతో అన్నాడు.

"మా అన్నదమ్ములకు భాగపత్రం రాయించుకునేది ఉండాది. నీ కాడికే వస్తాము. తప్పు రాస్తే సెప్పేదానివి నువ్వొక్కదానివే."

ఇప్పటి పిల్లలకు

కంప్యూటర్లు వచ్చాక పని మెరుగైంది, నేను కాదనను. కానీ మార్చడం మరీ సులభమైంది. ఒక మీట నొక్కితే పాత మాట కనపడకుండా పోతుంది. పేజీ మార్చి పాత సంతకాల పేజీకి పిన్ను కొట్టేసిన ప్రబుద్ధులను చూశాను. అట్లాంటివాడు తెలివైనవాడని పేరు తెచ్చుకుంటాడు, ఒక ఏడాది. మీరు అట్లా చేయొద్దు. "అందరమూ ఒప్పుకున్నాము" అని ఒకడే వచ్చి చెప్తే మిగతావాళ్లు వచ్చేదాకా పెన్ను మూత తీయొద్దు. ఎవరైనా పోయి ఉంటే వారసులు ఎవరెవరో అడగండి, ఇంట్లో మూల కూర్చున్న ముసలమ్మను ముందు అడగండి. చదివి వినిపించండి. అడ్డం పడే ప్రశ్న వస్తే విసుక్కోవద్దు, ఆ ప్రశ్నే మీ కాగితాన్ని కాపాడుతుంది. మీరు తప్పు చేస్తే మాత్రం తొందరగా చెప్పేయండి. నేను రెండేళ్లు ఆలస్యం చేశాను. దానికి ఒక ఆడమనిషి పదకొండు రోజులు దొంగ అనిపించుకుంది. ఆ పదకొండు రోజులను సవరించే కాగితం నాకు దొరకలేదు.

మిగతా విషయాల్లో నాకు బాధేమీ లేదు. పని బాగా జరిగింది, నాలుగు మంచి కాగితాలు రాశాను. సాబు పోయేదాకా నా కాగితాలు చదివించుకుని విన్నాడు. ఆ ఏడాది రెండు తోటల్లోనూ కొన్ని చెట్లు పోయాయి, సమానంగా పోయాయి. మిగిలినవి బతికాయి. కాపు వచ్చిన ప్రతిసారీ లక్ష్మీదేవి సంచి నిండా చీనీకాయలు తెచ్చేది. నువ్వు చిన్నప్పుడు రసం తాగి మూతి పుల్లగా పెట్టేదానివే, అవే.

ఇంకొక్కటి చెప్తే అయిపోతుంది. నేను పని మానడానికి ముందటి ఏడు ఆ బోరు పూర్తిగా ఎండిపోయింది. ఇద్దరూ కలిసి ఇంకో బోరు వేయించారు. ఈసారి నీళ్లు లక్ష్మీదేవి పొలంలో పడ్డాయి. సంత రోజున మా అరుగు ముందు రెడ్డి కనపడ్డాడు. ఎదురు అంగట్లో టీ గ్లాసు అప్పుడే చేతికి తీసుకున్నాడు. నన్ను చూశాడు. గ్లాసు బల్ల మీద పెట్టేశాడు, టీ అట్లాగే వదిలేసి, రెండు వైపులా చూసుకుని, రోడ్డు దాటి వచ్చాడు. వెనకాలే లక్ష్మీదేవి, ఆమె పెద్ద కూతురు. ఆ పిల్ల చేతిలో దారం కుట్టిన రెండు కాగితాల కట్టలూ ఉన్నాయి. వెంకటమ్మ అప్పటికి లేదు.

"ఏమన్నా, అక్కడి నుంచే చెయ్యి ఊపింటే సాలదా?" అన్నాను.

"వద్దక్కా తల్లీ" అన్నాడు రెడ్డి, అరుగు మీద కూర్చుంటూ. "అందరమూ వచ్చినాము. కాగితాలు రెండూ తెచ్చినాము. పెద్దమ్మ లేదు గానీ, ఆమె అడిగేది నేను అడుగుతా. కరెంటు నడమన పోతే?"